తప్పంతా వెలుగుదే

మొన్న ఆదివారం కూరగాయల కోసం కిందికి దిగితే, పార్కింగులో పై ఫ్లాటు కుర్రాడు కొత్త కారు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. హెడ్‌లైటు అద్దానికి నల్లటి పల్చటి కాగితంలాంటిదేదో అంటిస్తూ, జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో దానికి వేడిగాలి కొడుతున్నాడు. పైన బాల్కనీలోంచి వాడి పెళ్లాం "నా డ్రయ్యరు కాలిపోయిందో, చెప్తా నీ పని" అని అరుస్తోంది.

"ఏంటి నాయనా ఇది?" అన్నాను.

"టింటింగ్ ఆంటీ. షాపువాళ్లకి చేతకావట్లేదు. ఇంట్లో నేనే చేసుకుంటున్నా. వెనక లైట్లు అయిపోయాయి, చూడండి ఎంత బావున్నాయో."

వెనక్కి వెళ్లి చూశాను. నిక్షేపంలాంటి ఎర్ర లైట్లు బొగ్గు పూసినట్టున్నాయి.

"బానే ఉంది. పసుపు కలపలేదా మరి?" అన్నాను.

వాడు నా వంక జాలిగా చూశాడు. ముసలావిడకి మతి చెడిందనుకుని ఉంటాడు. అనుకోనీ, నాకేం! కూరగాయల సంగతి వదిలేసి మెట్ల మీదే కూలబడి నవ్వాను. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంటుంటే, ఇవి నవ్వుకి వచ్చిన నీళ్లు కావని తెలిసింది. మా బావగారు గుర్తొచ్చారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. కారు లైట్లకి ఇంట్లో రంగులేసుకునే మనిషిని మళ్లీ ఇదే చూడటం.

బావగారంటే మా ఆయనకి అన్నగారు. డెబ్బైల మొదట్లో నేను కోడలిగా వెళ్లేటప్పటికి జగ్గయ్యపేటలో అన్నదమ్ములిద్దరిదీ ఒకటే ఇల్లు, ఒకటే పొయ్యి. మా ఆయన బజార్లో ఎరువుల కొట్టు చూసుకునేవారు. బావగారు పెనుగంచిప్రోలు దగ్గర మిరపతోట, పత్తిచేలు చూసేవారు. ఆరడుగుల మనిషి. భుజాన ఎప్పుడూ ఒక పాత తుండుగుడ్డ ఉండేది. అది ఒళ్లు తుడుచుకోడానికి కాదు, కారు తుడవడానికి. ఒళ్లు తుడుచుకోడానికి అక్కయ్య చీరకొంగు ఎలాగూ ఉంది.

అక్కయ్యంటే ఆయన భార్య, నా తోడికోడలు. మనిషి పొట్టి, గొంతు పొడుగు. ఆవిడ వంటింట్లో మాట్లాడితే వీధిలో వాళ్లు సమాధానం చెప్పేవాళ్లు.

మా ఇళ్లలో తమ్ముడి భార్య బావగారితో నేరుగా మాట్లాడకూడదు. ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారుగానీ, ఏళ్ల తరబడి నేను ఆ మనిషితో ఒక్క ముక్క ముఖాముఖి మాట్లాడలేదు. అలాగని మాట్లాడుకోలేదా అంటే, బ్రహ్మాండంగా పోట్లాడుకున్నాం. నేను వంటింటి గుమ్మం ఇవతల నిలబడి అక్కయ్యతో అనేదాన్ని. ఆయన వసారాలో కూర్చుని గోడతో అనేవారు. మధ్యలో అక్కయ్య బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ, "విన్నారుగా ఇద్దరూ. మళ్లీ నేను చెప్పాలా?" అనేది.

ఆ కారు ఒక పాత అంబాసిడరు. మీగడ రంగు. నందిగామలో ఎవరో అమ్మేస్తుంటే అన్నదమ్ములిద్దరూ కలిసి కొన్నారు. కలిసి కొన్నారన్నమాటేగానీ, మా ఆయన దాని స్టీరింగు ముట్టుకుని ఎరగరు. బావగారు పొద్దున్నే లేచి దేవుడికి దణ్ణం పెట్టుకునే ముందు కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసేవారు, ఎక్కడైనా గీత పడిందేమోనని. పడితే ఆ రోజు ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండేది కాదు.

గీతలు పడుతూనే ఉండేవి. ఒకసారి మా ప్రహరీ గోడకే రాసుకుంది. ఒకసారి సందె చీకట్లో గడ్డివాములోకి వెళ్లి ఆగింది. ఏం జరిగినా ఆయనది ఒకటే మాట. "తప్పంతా వెలుగుదే" అనేవారు. గోడ మీద వీధిలైటు పడలేదు, అందుకే గోడ కనపడలేదు. గడ్డివాము మీద హెడ్‌లైటు తిన్నగా పడలేదు. వాము కూడా ఏమంత సరైన చోట లేదు.

ఆ మాట ఆయనకి ఊతపదం. మా బంధువుల పెళ్లిలో ఒకసారి సాయంత్రం పూట పెళ్లికొడుకు తండ్రి అనుకుని బ్యాండుమేళం మేస్త్రీని గట్టిగా కౌగిలించుకున్నారు. "అన్నయ్యగారూ, మీతో సంబంధం కలిసింది, మాకంతకంటే ఏం కావాలి!" అన్నారు. ఆ మేస్త్రీ బాకా చంకలో పెట్టుకుని బిత్తరపోయి నిలబడ్డాడు. పందిరంతా గొల్లుమంది. బావగారు ఏమాత్రం తడుముకోకుండా పైన వేలాడుతున్న పెట్రోమాక్సు లైటు వంక చూసి, "పంపు సరిగా కొట్టలేదయ్యా ఎవరో. తప్పంతా వెలుగుదే" అన్నారు. ఆ తర్వాత పేటలో ఎవరికి ఏం పొరపాటు జరిగినా జనం ఆ మాటే అనేవాళ్లు. కూరలో ఉప్పెక్కువైతే మా ఆయన కూడా నన్ను చూసి, "తప్పంతా వెలుగుదేలే" అనేవారు.

సరే, వెలుగుది తప్పన్నాక దాన్ని సరిచెయ్యాలి కదా! అక్కడ మొదలైంది ఈ రంగుల పిచ్చి. అప్పట్లో హెడ్‌లైట్ల పైభాగాన నల్లరంగు పూసుకోవడం మామూలే. ఎదుటి బండివాడి కళ్లలో కొట్టకుండా అలా పూసేవాళ్లు. మా బావగారు అంతటితో ఆగితేనా! తెల్ల వెలుగే దండగన్నారు. "తెల్లటిది దుమ్ములో కొట్టుకుని తిరిగి మన కళ్లలోకే వచ్చుద్ది. పసుపు వెలుగైతే నేలని పట్టుకుంటది" అని వసారా గోడకి పాఠం చెప్పారు. పసుప్పచ్చ జిలెటిన్ కాగితం తెచ్చి, సైకిలు ట్యూబు ముక్కలు కోసి, కారు రెండు కళ్లకీ బిగించి కట్టారు. చిల్లకల్లు దాకా వెళ్లొచ్చేసరికి ఆ వేడికి కాగితం ముడుచుకుపోయి అద్దానికి అతుక్కుంది. ఆ కంపు వారం రోజులు వదల్లేదు.

తర్వాత వెనక లైట్ల మీద పడ్డారు. వాటి ఎరుపు ఎండకి వెలిసి గులాబీ రంగుకి దిగిందిట. ఒక మధ్యాహ్నం మా పక్కింటావిడ పనిగట్టుకుని వచ్చి, అక్కయ్య చెవిలో ఏదో ఊదింది. అక్కయ్య మొహం జేవురించింది. బావగారు ఇంట్లో అడుగు పెట్టగానే వసారాలోనే నిలదీసింది.

"ఫ్యాన్సీ షాపులో గోళ్లరంగు కొన్నారంట?"

"కొన్నా."

"అరడజను సీసాలంట?"

"ఆఁ. ఇంకా కావాలంటే తెప్పిస్తానన్నాడు."

"ఎవత్తికండీ అరడజను? ఒక్కదానికి ఇరవై గోళ్లేగా ఉండేది! ఎంతమందున్నారు?"

ఆయనకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఆవిణ్ని చెయ్యి పట్టుకుని కారు వెనక్కి లాక్కెళ్లారు. రెండు లైట్లూ కొత్త పెళ్లికూతురు గోళ్లలా నిగనిగలాడుతున్నాయి. వంటింటి కిటికీలోంచి చూస్తున్న నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. అక్కయ్య ఒక సీసా లాక్కుని లోపలికొచ్చి, నా గోళ్లకీ తన గోళ్లకీ పూసింది. ఆ వేళ నుంచి మా ఇద్దరి గోళ్లూ కారు వెనక లైట్లూ ఒకటే రంగు.

ఇక కార్లో వీళ్లిద్దరి ప్రయాణం సంగతి చెప్పాలి. పగటిపూట కారెక్కితే అక్కయ్య ఊరు దాటకముందే గురకపెట్టి నిద్రపోయేది. సాయంత్రం లైట్లు వేశారో, ఆవిడ నోరు విచ్చుకునేది. "అదుగో ఎడంపక్క గేదె. కుడిపక్క గుంట. సైకిలోడు, సైకిలోడు! బస్సొస్తంది, మెల్లగా, పక్కకి తియ్యండి." ఇల్లు చేరేదాకా అదే వరస. మధ్యమధ్య ఆయన "నాకు కళ్లు లేవా? గేదె కనపడదా నాకు?" అని కసిరేవారు. "ఉంటే సరిగ్గా తోలండి" అని ఈవిడ. వెనకసీట్లో నాకు తలనొప్పి పుట్టుకొచ్చేది. ఇంటికొచ్చి మా ఆయనతో, "మీ వదిన నోటికి ఏ దేవుడైనా తాళం వేస్తే బావుణ్ను" అనేదాన్ని.

ఏ పెళ్లికి వెళ్లినా అందరికంటే ముందు బయల్దేరేది మేమే. విస్తరి ముందు నుంచి లేస్తూనే అక్కయ్య చెంగు దులుపుకుని, "పొద్దుండగానే పోదాం పదండి" అనేది. మాకు మనుషుల్లో కలవరని పేరు పడింది. ఇంకో చిత్రం, మా ఇంట్లో వారానికి నాలుగు రోజులు పొన్నగంటికూరే. పప్పులో అదే, వేపుడులో అదే. వాసన చూస్తేనే నాకు వెగటు పుట్టేది. "ఊళ్లో ఇంకే ఆకూ మొలవదా అక్కయ్యా?" అంటే, "తిను, చలవ" అనేది.

ఈలోగా మా ఆయనకి కారు మీద ఓపిక పోయింది. గడ్డివాము సంగతయ్యాక అన్నగారితో గట్టిగానే అన్నారు. "అన్నయ్యా, ఇంకొక్కసారి ఎక్కడైనా తగిలించావంటే డ్రైవర్ని పెడతా. అదీ వద్దంటే అమ్మేద్దాం. మనుషులకి తగిలితే ఎవరు సమాధానం చెప్తారు?" బావగారు తుండుగుడ్డ మడతపెట్టారు, విప్పారు, మళ్లీ మడతపెట్టారు. "నా కారు ఇంకోడు తోలుతుంటే నేను పక్కన కూచోవాలా? దానికంటే బొమ్మలాగా కూచోబెట్టి నాకో దండేసెయ్యండి" అన్నారు. ఆ రాత్రి అన్నం తినలేదు. నాకూ కోపం వచ్చింది. ఇనప ముక్క కోసం ఇంత పంతమా అనుకున్నాను.

ఆ తర్వాత కొద్దిరోజులకే నా పసుపు డబ్బాలో పసుపు తరగడం మొదలైంది. కొమ్ములు తెప్పించి, దంపించి, జల్లించి పోసుకున్న పసుపది.

"అక్కయ్యా, డబ్బా సగానికి పడిపోయింది. పిల్లులు పసుపు తినవు కదా?" అన్నాను వంటింట్లోంచి.

"పిల్లి సంగతి నాకేం తెలుసు? అమ్మాయిని మూత గట్టిగా పెట్టుకోమను" అన్నారు బావగారు గోడతో.

"మూత మీద వేళ్ల గుర్తులు ఇంతింత లావున్నాయని చెప్పండి అక్కయ్యా. పిల్లి ఉంగరం కూడా పెట్టుకున్నట్టుంది."

వసారాలో కుర్చీ కిర్రుమంది, అడుగుల చప్పుడు పెరట్లోకి వెళ్లింది. వెళ్లి చూద్దును కదా, పెరట్లో గిన్నె పెట్టుకుని, వడ్రంగులు తలుపులకి పూసే పాలిషులో నా పసుపు కలిపి, కోడి ఈకతో హెడ్‌లైట్లకి పూస్తున్నారు. పూత పూతకీ వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి చూసుకుంటున్నారు. ఒప్పుకోవాలి, రంగు మాత్రం చక్కగా వచ్చింది. సాయంత్రం లైట్లు వేస్తే మా పెరడంతా పెళ్లివారిల్లులా పచ్చబడింది. ఆయన ఆ పచ్చటి వెలుగులో నిలబడి ఎదురుగా ఉన్న గోడని అదేపనిగా చూశారు. సంబరపడతారనుకున్నాను. లైట్లు ఆర్పేసి లోపలికొచ్చారు.

మర్నాడే నందిగామలో అక్కయ్య తమ్ముడి ఇంట్లో గృహప్రవేశం. శ్రావణమాసం. కొట్టు వదలడానికి వీల్లేక మా ఆయన ఆగిపోయారు. మేం ముగ్గురం బయల్దేరాం. పేట పొలిమేరలో సున్నపు బట్టీ నుంచి వచ్చిన లారీ ఒకటి మా ముందు పడింది. పైన పట్టా సరిగా కట్టలేదేమో, చిల్లకల్లు దాకా మా కారుకి సున్నంతో అభిషేకమే. నందిగామలో దిగి చూస్తే కారు తెల్లగా విభూతి రాసుకున్నట్టుంది. బావగారు ముందు అద్దం ఒక్కటే తుడిచారు. హెడ్‌లైట్లని తాకితే ఇంకా ఆరని పాలిషు చెడుతుందని వాటి జోలికి పోలేదు.

ఆ వేళ అక్కయ్య మంగళహారతులు పాడింది, వంటవాళ్ల మీద కేకలేసింది, మరదళ్లకి పెత్తనాలు చెప్పింది, పైన రెండు చల్లటి సోడాలు తాగింది. భోజనాల వేళకి గొంతు పోయింది. బొంగురు కాదు, మొత్తానికే పోయింది. నోరు కదులుతోంది, చప్పుడు లేదు. ఇక నిజం చెప్పొద్దూ, నాకు లోపల్లోపల పండగ్గా ఉంది. తిరుగు ప్రయాణం హాయిగా ఉంటుందనుకున్నాను.

మధ్యాహ్నం దాటగానే ఆవిడ భర్త ఎదురుగా నిలబడి చేతులు తిప్పడం మొదలుపెట్టింది, పోదాం పదండని. ఆయన చుట్టూ బావమరుదులు మూగి ఉన్నారు. పసుపు పాలిషు ఎలా చెయ్యాలో ఆయన వివరిస్తున్నారు. జీవితంలో మొదటిసారి ఎవరో శ్రద్ధగా వింటున్నారు, ఎలా లేస్తారు పాపం! అక్కయ్య ఆకాశం చూపించింది, చేతి గడియారం చూపించింది, చివరికి కళ్లెర్రజేసింది. ఆయన లేచేసరికి మబ్బు దట్టంగా కమ్మి సన్నగా తుంపర మొదలైంది.

బయటికొచ్చి చూసి అందరం నోళ్లు తెరిచాం. కారు రెండు కళ్ల నుంచీ ఎర్రటి నీళ్లు కారుతున్నాయి. హెడ్‌లైట్లు మందారపువ్వుల్లా ఎర్రబడిపోయాయి.

"ఇదేంటి వదినా, కారుకి దిష్టి తీశారా?" అంది అక్కయ్య మరదలు.

నాకు తక్షణం వెలిగింది. పసుపులో సున్నం పడి నీళ్లు తగిలితే ఎర్రనీళ్లు కాక ఇంకేమవుతాయి! పెళ్లిళ్లకీ పురుళ్లకీ మేం పళ్లెంలో కలిపి దిష్టి తీసేది అవే. ఈ ముక్క బావగారికి ఎవరు చెప్పాలి? అక్కయ్యకి నోరు లేదు, నాకు హక్కు లేదు. కొత్త ఇంటి గోడ వైపు తిరిగి, "ఇంట్లో ఆడవాళ్లని అడిగి చేస్తే ఇలా అవ్వదు" అన్నాను.

"ఎరుపైతే ఏం? దూరానికి కనపడుద్ది" అన్నారు బావగారు ఇంకో గోడతో. బావమరుదులు రాత్రికి ఉండమన్నా వినలేదు. "వెలుతురుండగానే చేరతాం" అని కారెక్కారు.

వెలుతురు అంబారుపేట దాటకుండానే అయిపోయింది. లైట్లు వేశారు. రోడ్డు మీద ఎర్రటి మసక పడింది. కారు నత్తలా నడుస్తోంది. ముందు సీట్లో అక్కయ్య ఆయన భుజం మీద చరుస్తోంది. ఎడమ భుజం మీద ఒకసారి, చెయ్యి చాపి కుడి భుజం మీద రెండుసార్లు. "ఏంటే ఆ కొట్టడం? ఎటు? ఎటు చెప్పు?" అని ఆయన. నోరు లేకపోయినా ఈవిడ సాధింపు ఆగలేదే అని నేను విసుక్కుంటున్నాను. అంతలో ముందు అద్దంలోంచి చూశాను. నిండా గడ్డి వేసుకున్న ఎడ్లబండి మా ముందే వెళుతోంది. కారు తిన్నగా దాని మీదకే పోతోంది. ఆయన చూస్తూనే ఉన్నారు, పోనిస్తూనే ఉన్నారు.

"బావగారూ! బండి! బ్రేకు!"

పెళ్లయిన ఇన్నేళ్లకి ఆయనతో నేను నేరుగా అన్న మొదటి మాటలు అవే. కారు కీచుమని ఆగింది. గడ్డిపరకలు బానెట్ మీద రాలాయి. బండివాడు వెనక్కి కూడా చూడకుండా వెళ్లిపోయాడు. మేం ఊపిరి పీల్చుకునేలోపే ఎదురుగా ఒక లారీ సరాసరి మా వైపే వచ్చి, ఆఖరి క్షణంలో బర్రున పక్కకి తిరిగి ఆగింది. డ్రైవరు తల బయటపెట్టాడు. తెలంగాణ మనిషి.

"ఏంది పెద్దమనిషీ, రివర్సుల నడుపుకుంట వస్తున్నవా ఏంది? ముంగట ఎర్రలైట్లేంది? ముందు పోయే బండి అనుకొని దాటబోయిన. ఇంకొంచెమైతే అందరం పోతుంటిమి!"

లారీ తిట్టుకుంటూ వెళ్లిపోయింది. బావగారు స్టీరింగు రెండు చేతులా గట్టిగా పట్టుకుని ముందుకి చూస్తూ, మెల్లగా అడిగారు.

"గడ్డి బండి కదిలిందా అమ్మాయ్?"

గడ్డి బండి ఎప్పుడో వెళ్లిపోయింది. ముందు ఖాళీ రోడ్డు. నేను అక్కయ్య వంక చూశాను. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, చప్పుడు రాని గొంతుతో ఏడుస్తోంది.

అప్పుడు అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. గేదె, గుంట, సైకిలోడు, పొద్దుండగానే పోదాం పదండి, కళ్లకి మంచిదని వారానికి నాలుగు రోజుల పొన్నగంటికూర. నేను సాధింపు అనుకున్నదంతా ఆవిడ చూపు. మసక పడితే ఆయనకి రోడ్డు లేదు. ఇన్నేళ్లూ సందె ప్రయాణాలన్నీ ఆవిడ నోటితోనే చేశారు. భయమేసింది. కోపం కూడా వచ్చింది. ఏ దారిన పోయేవాడికైనా తగిలుంటే? కానీ ఆ పెద్ద మనిషి అలా తల వంచుకు కూర్చుంటే ఆ కోపం నిలవలేదు.

"ఎన్నాళ్ల నుంచి బావగారూ?"

"ఐదారేళ్లయింది. బెజవాడలో చూపించా. రేచీకటి, మందు లేదన్నాడు డాక్టరు." భుజం మీది తుండుగుడ్డ సర్దుకున్నారు. "నేను నమ్మలా. వెలుగుదే తప్పనుకున్నా అమ్మాయ్. పచ్చది వేసి చూశా, ఎర్రది వేసి చూశా. ఏది వేసినా అంతే. నిన్న పెరట్లో గోడ కూడా కనపళ్లా."

తల కాస్త ఎత్తి నన్నడిగారు.

"తమ్ముడికి చెప్తావా?"

"ముందు దిగండి. ఆ కళ్లు కడుగుదాం" అన్నాను.

ముగ్గురం వానలో దిగాం. సున్నానికి పాలిషు నానిందేమో, రుద్దితే పొరలు పొరలుగా ఊడొచ్చింది. ఒక లైటు ఆయన తుండుగుడ్డతో, ఒక లైటు మేం కొంగులతో. నా కొత్త పట్టుచీర కొంగు ఇప్పటికీ ఎర్రగానే ఉంది. తెల్ల వెలుగు మళ్లీ రోడ్డు మీద పడింది. వెనకసీట్లోంచి ముందుకి వంగి, ఇద్దరి మధ్యా తలపెట్టి నేను మొదలుపెట్టాను.

"ఎడంపక్క రాయి. కొంచెం కుడికి. ఆఁ, ఇప్పుడు తిన్నగా. బస్సొస్తంది, ఆపండి, ఆపండి. పోయింది, పదండి. అదుగో గేదె."

"నాకు కళ్లు లేవా?" అన్నారాయన, అలవాటు కొద్దీ.

అక్కయ్య భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది! చప్పుడు లేకుండా పగలబడి నవ్వుతోంది. నేనూ ఆపుకోలేకపోయాను. చివరికి ఆయన కూడా స్టీరింగు మీద తల ఆనించి నవ్వారు. నడిచేవాళ్లు మమ్మల్ని దాటిపోతుండగా ఇల్లు చేరాం. మా ఆయన ఎందుకింత ఆలస్యమని అడిగితే, లైట్లు రంగు మారాయని చెప్పాను. అందులో అబద్ధమేం లేదు కదా!

మర్నాడంతా బావగారు నా వైపు చూడలేదు. సందెవేళ నేను దీపం పెట్టి వస్తుంటే వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. మళ్లీ గోడతోనే మాట్లాడారు.

"పసుపు డబ్బా ఎక్కడుందో."

అలమర చూపించాను. డబ్బా తీసి, మూత తీసి, జేబులోంచి కారు తాళంచెవి తీసి అందులో గుచ్చి, మూత బిగించారు. "పొద్దున్నే తీసుకుంటాలే" అని గోడకి చెప్పి వెళ్లిపోయారు. ఎవరూ అడగలేదు, నేనూ అక్కయ్యా ఒక్క మాట కూడా అనలేదు. దీపం పెట్టే వేళకి తాళం డబ్బాలోకి, తెల్లారాక ఆయన జేబులోకి. ఆ నియమం ఆయన ఒక్క రోజు తప్పలేదు. సాయంత్రం పూట ఎవరైనా కారు అడిగితే బ్యాటరీ దిగిందని నేనే చెప్పేదాన్ని. మా ఆయన ఒకసారి, "తాళానికి ఈ పసుపేంటే?" అన్నారు. "పూజ చేస్తున్నాం" అన్నాను. అన్నగారికి కారంటే ఎంత భక్తో అని ఆశ్చర్యపోయారు. ఆ ఏళ్లలో మా ఇంటి చారులో కాస్త పెట్రోలు వాసన వచ్చేది. దానికి మాత్రం తప్పు వెలుగుది కాదు.

హెడ్‌లైట్లకి మళ్లీ ఏ రంగూ వెయ్యలేదాయన. పగటి పూట తోలుకుంటూనే ఉన్నారు, పక్కన అక్కయ్య నిద్రపోతూనే ఉంది.

ఎనభైల చివర్లో ఒకరోజు గుండెనొప్పంటే బెజవాడ తీసుకెళ్లాం. రెండో రోజు మధ్యాహ్నం పోయారు. ఆస్పత్రి వాళ్లు మాట్లాడిపెట్టిన వ్యానులో తీసుకొస్తున్నాం. వెనక ఆయన పక్కన నేనూ మా ఆయనా కూర్చున్నాం. అక్కయ్య ఎవరెంత చెప్పినా వినకుండా ముందు సీటెక్కింది. నందిగామ దాటేసరికి మసక పడింది. డ్రైవరు లైట్లు వేశాడు. పొద్దుట్నించీ నోరు విప్పని అక్కయ్య అప్పుడు మొదలుపెట్టింది.

"ఎడంపక్క ఎడ్లబండి. మెల్లగా. కుడిపక్క గుంట."

డ్రైవరుకి చిరాకేసింది. "నాకు కళ్లున్నయ్యి కదమ్మా" అన్నాడు.

మా ఆయన ముందుకి వంగి వదినగారిని ఆపబోయారు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "చెప్పనివ్వండి" అన్నాను.

కొణకంచి అడ్డరోడ్డు, నవాబుపేట. సైకిళ్లూ గేదెలూ బస్సులూ, ఒక్కటీ వదల్లేదు. చిల్లకల్లు దగ్గర పేట దారి రాగానే ఆవిడ గొంతు కాస్త తగ్గించింది.

"ఏమండీ, మన మలుపొచ్చింది. జాగ్రత్తగా తిప్పండి."

డ్రైవరు ఆవిడ వంక ఒకసారి చూశాడు. "అలాగేనమ్మా" అని, మెల్లగా తిప్పాడు.